వాల్వు దగ్గర ‘చాలు’ అన్నది నేనే

రెండేళ్ల కిందట నేనొక చిన్న పుస్తకం రాశాను. బాల్ వాల్వు ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, మన దాకా ఎలా వచ్చింది అన్నది అందులో విషయం. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా వాల్వుల మధ్య బతికినవాణ్ని, ఆ మాత్రం రాయగలననుకున్నాను. పైపుల వ్యాపారులు, ఫిట్టర్లు, పాలిటెక్నిక్ విద్యార్థులు కొని చదివారు. ప్రతులన్నీ అయిపోయాయి. మళ్లీ వేద్దామా అని అచ్చు వేసిన మిత్రుడు అడిగాడు.

ఇప్పుడే వద్దన్నాను. ఆ పుస్తకంలో చివరి అధ్యాయం అబద్ధం.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు ఊరూరా ఇంటింటికీ నల్లా నీళ్ల పనులు జరిగాయి. మా కంపెనీ మక్తల్ వైపు కొన్ని ఊళ్లలో వాల్వులు బిగించే పని తీసుకుంది. నేను అక్కడ సూపర్‌వైజర్ని. ఒక ఊళ్లో పైపులకు మొదటిసారి నీళ్లు వదిలిన రోజు, తాగి ఉన్న ఆపరేటరొకడు చెప్పిన మాట వినకుండా వాల్వు ఒక్కసారిగా తిప్పేశాడనీ, పైపు పగిలి అక్కడి భజన మందిరం గోడ కూలిందనీ ఆ అధ్యాయంలో రాశాను. కొత్త పనిముట్టు వస్తే సరిపోదు, దాన్ని పట్టుకునే చెయ్యి కూడా మారాలి అని చివర్లో ఒక నీతి తగిలించాను. పుస్తకం మొత్తంలో ఆ అధ్యాయమే బాగుందని చాలామంది అన్నారు.

ఆ మనిషి పేరు తాయప్ప. ఆయన తాగలేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.

దసరా వెళ్లాక నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను. దారిలో పాత వాల్వులు చూసి వస్తానని ఇంట్లో చెప్పాను. అదీ నిజమే. కానీ ఆ పనిని అడ్డం పెట్టుకుని తాయప్ప ఊరి వైపు నడిచానంటే ఇంకా నిజం.

మిర్యాలగూడ

ఊళ్లోకి రాకముందే ఉడికిన వడ్ల వాసన ఎదురొస్తుంది. మా తెనాలి వైపు కూడా రైస్‌మిల్లులున్నాయి గాని ఈ వాసన లేదు. ఇక్కడ మిల్లుల్లో వడ్లను వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. ఉప్పుడు బియ్యం. “గివి మనం తినం సార్, దూరదేశం పోతయి” అన్నాడు యాదగిరి. ఒక మిల్లులో బాయిలరు ఫిట్టరు ఆయన. అరవై దాటాయి, చేతుల మీద పాత కాలిన మచ్చలున్నాయి. ఆయనకు నా పుస్తకం తెలుసు.

“మా సేటు కొడుకు చదివి వినిపించిండు. గీ దిక్కు బాల్ వాల్వు నల్లా నీళ్లతోనే వచ్చిందని రాసిన్రు గద. మస్తు నవ్వుకున్నం.”

“తప్పా?”

“రాండ్రి, మీ తప్పు చూపిస్త.”

వడ్లు నానబెట్టే తొట్ల వెనక వేడినీళ్ల గొట్టం మీద ఒక వాల్వు ఉంది. పైన మసి, కింద తుప్పు. హ్యాండిల్ ఎప్పుడో ఊడిపోతే దాని బదులు ఒక పానా బిగించారు. “నాకు మీసాలు రాకముందు మా ఉస్తాదు బిగించిండు దీన్ని. సముద్రం కాడ పాత ఓడలు ఒలుస్తరు సూడు, ఆడికెల్లి వచ్చిన సామానుల దొరికింది. ఏంది ఉస్తాద్, గింత గుండ్రంగున్నదని అడిగితే, లోపల బంతి ఉన్నదిరా, బంతికి బొక్క ఉన్నదిరా అన్నడు. నన్ను ఆట పట్టిస్తున్నడనుకున్న.”

బాల్ వాల్వు అంతకన్నా పెద్ద రహస్యమేమీ కాదు. గొట్టం మధ్యలో ఒక లోహపు బంతి ఉంటుంది. బంతికి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక రంధ్రం ఉంటుంది. రంధ్రం గొట్టం వైపు తిరిగితే నీళ్లు పోతాయి. హ్యాండిల్‌ని పావు చుట్టు తిప్పితే రంధ్రం పక్కకు పోయి, బంతి నిండు చెంప అడ్డం వస్తుంది. నీళ్లు ఆగుతాయి. ఇంత సులువైన ఆలోచన పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలోనే పడమటి దేశాల్లో ఒకరికి వచ్చింది, దానికి పేటెంటు కూడా పుట్టింది. తర్వాత ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇత్తడి బంతి ఇత్తడి గూట్లో తిరిగేటప్పుడు రెంటి మధ్యా సందు ఉండక తప్పదు. సందు ఉంటే కారుతుంది, లేకపోతే తిరగదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంధనపు గొట్టాలకు తేలిగ్గా, చప్పున మూసే వాల్వు కావలసి వచ్చి మళ్లీ ఆ బంతిని బయటికి తీశారు. యుద్ధం తర్వాత టెఫ్లాన్ అనే మెత్తని, జారుడు పదార్థం వాడుకలోకి వచ్చింది. మన ప్లంబర్లు మరలకు చుట్టే తెల్ల టేపు దానిదే. ఆ పదార్థంతో బంతికి రెండు వైపులా ఉంగరాలు చేసి కూర్చోబెట్టారు. నీళ్లు ఎంత గట్టిగా తోస్తే బంతి వెళ్లి ఉంగరానికి అంత గట్టిగా అతుక్కుంటుంది. అప్పుడు రసాయనాల ఫ్యాక్టరీలూ చమురు శుద్ధి చేసేవాళ్లూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అక్కణ్నుంచి ఓడల్లోకి, ఓడల తుక్కులోంచి మిర్యాలగూడ వడ్ల తొట్ల వెనక్కి.

ఇదంతా పుస్తకంలో సరిగ్గానే రాశాను. చివరి అడుగు ఒక్కటి తెలియలేదు. అడగలేదు కాబట్టి తెలియలేదు.

యాదగిరి పానా పట్టుకుని వాల్వు తెరిచి చూపించాడు. కొంచెం తిప్పి ఆగి ఊపిరి వదిలాడు. ఇంకొంచెం తిప్పి మళ్లీ ఆగాడు. మూడోసారికి పూర్తిగా తెరిచాడు.

“మూడు దమ్ములకు తిప్పాలె సార్. ఒక్క పెట్టున తిప్పితే గొట్టం తంతది. మా ఉస్తాదు వాల్వు కంటె ముందు గిదే నేర్పిండు.”

నీళ్లు ఒక్కసారిగా ఉరికి గొట్టాన్ని గుద్దే ఆ తన్నడం గురించి నా పుస్తకంలో బొమ్మలతో సహా రెండు పేజీలున్నాయి. మక్తల్ వైపు ఊళ్లలో ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చినప్పుడు మాత్రం దాని గురించి ఒక్క మాట చెప్పినట్టు నాకు గుర్తు లేదు. అప్పుడు ఎండ మండిపోతోంది, ఇంకా మూడు ఊళ్లు తిరగాలి.

నల్లగొండ

పాతసామాను దుకాణంలో ఇత్తడి కుప్ప దగ్గర గంటసేపు కూర్చున్నాను. దుకాణదారుకు మెడ తిరగదు, మోకాళ్లు వంగవు. మనిషి మొత్తం తిరిగితేగాని పక్కకు చూడలేడు. చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడు చేసిన పని అది. ఈ జిల్లాలో అలాంటివాళ్లు ఇంకా కనిపిస్తారు. కాలువల పక్కన పుట్టినవాణ్ని, తాగే నీళ్లు ఎముకల్ని వంచుతాయన్నది చాలా కాలం దాకా నేను పేపర్లో చదివిన సంగతే.

“ఏం దేవులాడుతున్నవన్నా? బంగారమా?” అన్నాడాయన.

కుప్ప అడుగున నాకు కావలసింది దొరికింది. బాల్ వాల్వుకు తాతలాంటిది. లోపల బంతి బదులు కిందికి సన్నబడే శంకువు, దానికి అడ్డంగా ఒక చీలిక. రోమన్ల కాలం నాటి ఊళ్లలోనే నీళ్లకు ఇలాంటివి వాడారు. గట్టిగా బిగిస్తే శంకువు పట్టేస్తుంది, వదులు చేస్తే కారుతుంది. రోజూ కొవ్వు రాసి బతిమాలాలి. బంతి అసలు పుట్టిందే ఈ శంకువుతో విసిగిపోయి. చేతిలో పట్టుకుని తిప్పబోయాను. రాలేదు.

“అది తిరగది. నా మెడ లెక్కనే” అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు. “నువ్వు గా నల్లా నీళ్ల పనుల చేసినవా అన్నా?”

చేశానన్నాను.

“మంచి పని చేసిన్రు. మా మనుమరాలు ఉరుకుతది, సూడాలె నువ్వు.”

అంతకుముందు ఆ పని గురించి ఎవరు మెచ్చుకున్నా సంతోషపడేవాణ్ని. ఆ పూట ఆయన ముందు కూర్చోలేకపోయాను. ఆ ఇత్తడి ముక్కను తూకం ధరకే ఇచ్చాడు. పైగా చాయ్ తెప్పించాడు. మా వైపు దుకాణాల్లో ఇలాంటిదాన్ని ‘యాంటిక్’ అని పదింతలు అడుగుతారు.

కల్వకుర్తి

దేవరకొండ మీదుగా వస్తుంటే దారి పొడవునా పత్తి చేలు, రాళ్ల గుట్టలు. గుట్టల మీద చెట్ల కన్నా రాళ్లే నిలబడి చూస్తున్నట్టుంటాయి. కల్వకుర్తిలో శ్రీశైలం పోయే రోడ్డు పక్కన ఒక రేకుల హోటల్లో ఆగాను. లక్ష్మమ్మ అనే ఆవిడ జొన్నరొట్టెలు చేస్తోంది. ఆవిడ భర్త వెనక గదిలో పిండి రుబ్బే మిషను దగ్గర ఉన్నాడు. రొట్టెలోకి పుంటికూర వేసింది. అంటే మా గోంగూరే. మేం నూనెలో ముంచి పచ్చడి చేస్తాం, వీళ్లు పప్పు, పచ్చిమిర్చి వేసి కూర వండుతారు. రొట్టె మీద ఇదే బాగుందని ఒప్పుకోక తప్పదు.

మూడో రొట్టె వేయబోతుంటే “చాలమ్మా, చాలు” అన్నాను. చెయ్యి ఆపింది. ఆ వెంటనే వెనక్కి తిరిగి భర్తను కేకేసింది. “ఓ అయ్యా! పిండి ఎప్పుడు రుబ్బుతవ్? మిషన్ చాలు చెయ్యి!”

మిషను గుర్రుమని మొదలైంది.

నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఆవిడ గమనించింది. “ఏమైంది సారూ, రాయి తగిలిందా?”

“లేదమ్మా. నేను చాలంటే ఆపావు. నువ్వు చాలంటే ఆయన మొదలుపెట్టాడు.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “తినేకాడ చాలంటే సాలని. మిషన్ కాడ చాలంటే షురూ జెయ్యమని. గంత తెల్వదా? ఏ ఊరు మీది?”

తెనాలి అని చెప్పాను. “గట్లనా” అంది, అదొక జబ్బు పేరన్నట్టు.

తాయప్ప విషయంలో జరిగింది అదే. ఆ రోజు నేను ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, మెయిన్ పైపు మీద ఒత్తిడి చూపించే మీటరు దగ్గర ఉన్నాను. తాయప్ప ఊళ్లో వాల్వు దగ్గర. ఫోను చెవిన పెట్టుకుని నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తెరుస్తున్నాడు. ఖాళీ పైపుల్లోకి నీళ్లు మెల్లగా పోవాలి, లోపలి గాలి బయటికి రావాలి. మీటరు ముల్లు వణకడం చూసి ఇక ఆపమన్న అర్థంతో “చాలు చాలు చాలు!” అని అరిచాను. మోటారైనా వాల్వైనా పని మొదలుపెట్టమనడానికి ఆ ఊళ్లో అదే మాట. ఆయన పూర్తిగా తెరిచాడు.

పాతరకం గేటు వాల్వయి ఉంటే పదిహేను ఇరవై చుట్లు తిప్పాలి. ఈలోగా నేను మళ్లీ అరిచేవాణ్ని, ఆయన మళ్లీ అడిగేవాడు. బాల్ వాల్వుకు పావు చుట్టు చాలు. ఒక మాట తప్పయితే సర్దుకునే వ్యవధి ఆ పనిముట్టు ఇవ్వదు. గాలీ నీళ్లూ కలిసి ఊరి చివరిదాకా పరుగెత్తి, ఒక అతుకును ఊడగొట్టి, భజన మందిరం మట్టిగోడను తాకాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. గోడ కూలింది. దేవుడి పటాలు, హార్మోనియం తడిసి పాడైపోయాయి.

నేను ఊళ్లోకి వెళ్లేసరికి తాయప్ప గట్టిగా ఒకటే మాట అంటున్నాడు. “సారే చాలు చెయ్యమన్నడు. మూడు మాట్ల చెప్పిండు.” అప్పుడే నాకు అర్థమైంది. అదే సాయంత్రం కంపెనీకి కాగితం రాశాను. నా మాటే తప్పని రాస్తే నా ఉద్యోగం ఉండదని భయపడ్డాను. ఆపరేటరు మద్యం మత్తులో సూచనలు పట్టించుకోలేదని రాశాను. నోటి వెంట వాసన వచ్చిందని కూడా రాశాను. ఆ రోజు నేను ఆయనకు పది గజాల లోపు వెళ్లలేదు.

లక్ష్మమ్మ నా విస్తట్లో మూడో రొట్టె వేసేసింది. “సోచాయించుడు ఆపి తినుండ్రి” అంది.

మహబూబ్‌నగర్

పాలమూరులో సీతాఫలాలు గంపలకొద్దీ వస్తున్నాయి. ఒక సంచీ నిండా కొని, పైన పుస్తకం పెట్టుకుని బస్సెక్కాను. నా పక్కన కూర్చున్నాయన సంచీ మీద మోచెయ్యి ఆన్చి నిద్రపోయాడు. దిగేసరికి పండ్లూ పుస్తకమూ ఒకటే ముద్ద. చివరి అధ్యాయం పేజీలకు గింజలు అంటుకున్నాయి.

లాడ్జిలో స్నానాల గది నల్లా కారుతోంది. అలవాటుకొద్దీ కొంచెం బిగించాను. హ్యాండిల్ చేతిలోకి వచ్చేసింది, నీళ్లు గోడకు కొట్టి మంచం దాకా వచ్చాయి. కింద కౌంటరు దగ్గర మేనేజరు తీరిగ్గా పైకొచ్చి చూశాడు.

“ఏం పని చేస్తరు సార్ మీరు?”

“వాల్వుల పని.”

“గందుకేనా? ఊకె ఉండబుద్ధి కాలే.” కింద మెయిన్ కట్టేసి, వేరే గది ఇచ్చాడు. “జర ఈ రూముల ఏం ముట్టకుండ్రి.”

ఆ గదిలో ఏమీ ముట్టకుండా కూర్చుని, రేపు తాయప్పతో ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. మూడుసార్లు రాశాను. ‘అపార్థం’, ‘పరిస్థితుల ప్రభావం’ లాంటి మాటలు వచ్చి కూర్చుంటున్నాయి. నాలుగోసారి అవి తీసేస్తే రెండు వాక్యాలు మిగిలాయి.

మక్తల్

మక్తల్‌లో పొద్దున బొరుగుల ఉగ్గాని, పక్కన మిర్చి. బజార్లో సగం మాటలు కన్నడంలో వినిపిస్తాయి, బేరం మాత్రం రెండు భాషల్లోనూ ఒకలాగే కటువుగా ఉంటుంది. అక్కణ్నుంచి ఆటోలో ఆ ఊరు. కొత్త ట్యాంకు తెల్లగా కనిపించింది. ఇళ్ల ముందు నల్లాల్లో నీళ్లు వస్తున్నాయి. మందిరానికి ఇప్పుడు ఇటుక గోడ ఉంది.

తాయప్ప కంది చేలో ఉన్నాడు, నాలుగు గొర్రెలు గట్టు మీద మేస్తున్నాయి. నా వయసువాడే, ఏభై దాటినవాడు. చొక్కా గుండీల సందులోంచి తులసిమాల కనిపిస్తోంది. పండరిపురం వెళ్లి ఆ మాల వేసుకున్నవాళ్లు మాంసం, మద్యం ముట్టరు. ఆ కాగితం రాసిన రోజు నాకు ఆ సంగతి కూడా తెలుసో లేదో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. చూసి ఉంటాను.

“గుర్తుపట్టావా తాయప్పా?”

“మర్చిపోతనా సార్? బక్కగైన్రు.” చెట్టు కింద ఉన్న సీసా అందించాడు. “తాగుండ్రి, నల్లా నీళ్లే.”

రాసుకున్న రెండు వాక్యాలు చెప్పాను. నేను చాలంటే ఆపమని, నీకు చాలంటే తెరవమని. నువ్వు తాగలేదని తెలిసే తాగావని రాశాను.

ఆయన చేలోకి దిగబోతున్న గొర్రెను అదిలించాడు. “మాట సంగతి నాకు తర్వాత సమజైంది. వరి కోసే మిషన్ తోలుకొని మీ దిక్కు పిలగాడు వచ్చిండు. మా ఇంట్లనే తిన్నడు. మిషన్ తోలుకుంట ‘చాలా, చాలా’ అని అడుగుతుంటే, షురూ జెయ్యాల్నా అంటున్నడనుకొని ముందుకు రమ్మని చెయ్యి ఊపిన. గట్టు ఎక్కించిండు. ఇద్దరం తిట్టుకున్నంక తెలిసింది.”

“ఊళ్లో ఎవరికీ చెప్పలేదా?”

“చెప్పిన. తాగినోడు గిట్లనే కత చెప్తడన్నరు.” గొంతు పెంచలేదు. “పని పోయిందని నాకు ఫికర్ లేదు సార్. గొర్లున్నయి, చేనున్నది. మాల ఏసుకొని తాగిండు, దేవుని గోడ కూలగొట్టిండు అన్నరు సూడు, గా మచ్చ పోలే. మాల తీసెయ్యమన్నరు. నేను తియ్యలే. భజనల తాళాలు పట్టనియ్యలే. మీరు నాకు చెప్పుడు కాదు. మందిరం కాడ చెప్పుండ్రి.”

ఆ రోజు శనివారం. దీపాలు పెట్టే వేళకు మందిరంలో పదిమంది దాకా చేరారు. తాయప్ప గడప దాటలేదు. వాకిట్లో బండ మీద కూర్చున్నాడు. ఏడేళ్లుగా ఆయన కూర్చునే జాగా అదేనని తర్వాత తెలిసింది. భజన బృందానికి పెద్ద బాలప్ప, డెబ్బై దాటిన మనిషి. ఆయన ఎదుట నిలబడి మొత్తం చెప్పాను. పుస్తకం తీసి, సీతాఫలం గింజలు అంటుకున్న ఆ పేజీలు చదివి, ఇది అబద్ధం, ఇది అబద్ధం అని వేలు పెట్టి చూపించాను.

మద్దెల వాయించే హన్మంతు ముందుగా మాట్లాడాడు. “ఇయ్యాలెందుకు యాదికొచ్చింది నీకు? తాయప్ప పిలిపిచ్చిండా?”

“లేదు. ఆయనకు నేను వచ్చేది కూడా తెలియదు.”

“మరి గిన్నేండ్లు ఏం జేసినవయ్యా?” అని బాలప్ప అడిగాడు.

“భయపడ్డాను. తర్వాత అలవాటైపోయింది. పుస్తకంలో రాసేనాటికి నాకే నిజమనిపించింది.”

బాలప్ప తనలో తను అనుకున్నట్టు అన్నాడు. “ఈయన పొరుగూరోడు, భయానికి రాసిండు. మనకేం భయముండె? వాడు ఎన్నడన్న తాగంగ చూసినోడు ఉన్నడా మనల?” ఆయన మెల్లగా లేచి, పటాల ముందున్న తాళాల జత తీసుకుని గడప దాకా వెళ్లాడు. “తాయప్పా, లోపలికి రారా.”

తాయప్ప లేచి నిలబడ్డాడు గాని చెయ్యి చాపలేదు.

“ఇయ్యాల కాదు మామా. నోటి మాట మీద నన్ను ఎల్లగొట్టలే మీరు. కాయితంల వచ్చింది అన్నరు, తర్వాత బుక్కుల గూడ వచ్చింది అన్నరు. తాగలేదని గూడ కాయితంల రానియ్యి. అది తెచ్చి నీ చేతుల పెట్టి, అప్పుడు పడత తాళాలు.”

“మొండి ముండకొడుకు” అన్నాడు బాలప్ప. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “రాయి సారూ. జల్దిన రాయి. నేనెన్నాళ్లుంటనో తెల్వది. ఊరి పేరు మాత్రం పెట్టకు, మాకు నామోషి.”

“ఊరి పేరు వద్దంటే వద్దు” అన్నాడు తాయప్ప. “నా పేరు రాయుండ్రి. బుక్కుల ‘ఒక ఆపరేటరు’ అని రాసిన్రట, పేరు గూడ లేదు. నాయిన పేరుతోని రాయుండ్రి సార్, గీ దిక్కు తాయప్పలు శానమంది ఉన్నరు.”

నన్ను క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. ఆటో దాకా తోడు వచ్చాడు.

మళ్లీ వేసే పుస్తకంలో ఆ చివరి అధ్యాయం ఉండదు. దాని జాగాలో ఇది ఉంటుంది. మొదటి ప్రతి పోస్టులో పంపకుండా నేనే తీసుకెళ్లి తాయప్పకు ఇస్తాను. అందులో బాలప్పకు చదివి వినిపించవలసిన భాగం ఇది.

తాయప్ప, తండ్రి పేరు బీరప్ప. నీళ్లు వదిలిన రోజు వాల్వు దగ్గర నిలబడ్డ మనిషి. ఆ రోజు తాగలేదు. ఫోనులో నేను చెప్పిన మాట విన్నాడు. విన్నది విన్నట్టు చేశాడు.